పాత కారు టైమింగ్ బెల్ట్: తెగకముందు చేయాల్సినవి, తెగాక చేయకూడనివి

పదిహేనేళ్లు నిండిన కారును రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకెళ్తే లైట్లు చూస్తారు, బ్రేకులు చూస్తారు, పొగ చూస్తారు. ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూత వెనకాల తిరిగే రబ్బరు బెల్ట్‌ను ఎవరూ చూడరు. అది మనమే చూసుకోవాలి. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. క్లచ్ పోతుంటే కాలికి తెలుస్తుంది. బ్యాటరీ చచ్చిపోయే ముందు పొద్దున్నే సెల్ఫ్ మూలుగుతుంది. టైమింగ్ బెల్ట్ మాత్రం చాలాసార్లు నిన్నటి దాకా మామూలుగా తిరిగి ఇవాళ తెగుతుంది.

తెగితే ఏమవుతుందో తెలిస్తేనే మిగతా జాగ్రత్తలు ఎందుకో అర్థమవుతాయి. కింద క్రాంక్ షాఫ్ట్ పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైన హెడ్‌లో, అంటే సిలిండర్లను పైనుంచి మూసే భాగంలో, క్యామ్ షాఫ్ట్ గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వులను తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసేది పళ్లున్న టైమింగ్ బెల్టే. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజిన్లలో వాల్వు దిగే చోటుకే పిస్టన్ కూడా వస్తుంది. వేర్వేరు సమయాల్లో వస్తాయి కాబట్టి ఒకదానికొకటి తగలవు. బెల్ట్ తెగగానే క్యామ్ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరిచే ఉండిపోతాయి. కింద క్రాంక్ ఇంకా ఊపు మీదే ఉంటుంది. పిస్టన్ వచ్చి వాల్వును కొడుతుంది, వాల్వు వంగుతుంది. దెబ్బ గట్టిదైతే వాల్వును నొక్కే రాకర్ విరుగుతుంది, వాల్వు ఆడే గొట్టం (గైడ్) పగులుతుంది, విరిగిన ముక్క సిలిండర్‌లో పడి పిస్టన్‌ను కూడా తినేస్తుంది.

కొన్ని పాత పెట్రోల్ ఇంజిన్లలో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య చాలినంత ఖాళీ ఉంటుంది. వాటిలో బెల్ట్ తెగినా కొత్తది వేస్తే బండి నడుస్తుంది. డీజిల్‌లో ఆ అదృష్టం దాదాపు లేనట్టే. కంప్రెషన్ ఎక్కువ కావాలి కాబట్టి పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కూ దానికీ మధ్య మిగిలే సందు చాలా తక్కువ.

మొదట మీ బండిలో ఉన్నది రబ్బరు బెల్టా, లోహపు గొలుసా (చైన్) అని తేల్చుకోండి

మన రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతున్న పాత బండ్లలో బెల్ట్ ఉన్నవి చాలానే ఉన్నాయి. మారుతి 800, ఓమ్ని, ఆల్టో 800, పాత జెన్, ఎస్టీమ్, 2010కి ముందు వచ్చిన వ్యాగన్ ఆర్, హ్యుందాయ్ శాంత్రో, 1.1 లీటర్ ఐ10, యాక్సెంట్ పెట్రోల్, టాటా ఇండికా డీజిల్, టయోటా క్వాలిస్, 2.5 లీటర్ ఇన్నోవా, ఫోర్డ్ ఫిగో 1.4 డీజిల్, ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్, 1.5 డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన రెనో డస్టర్, లోగాన్, వెరిటో, నిస్సాన్ సన్నీ, ఫోక్స్‌వ్యాగన్ పోలో, వెంటో డీజిళ్లు, ఇవన్నీ బెల్ట్ బండ్లే. స్విఫ్ట్, డిజైర్ పాత 1.3 డీజిల్‌కు చైన్. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకూ చైనే. ఐ10లోనే 1.2 లీటర్ కప్పా ఇంజిన్‌కు చైన్. అంటే ఒకే పేరున్న కారులో కూడా ఇంజిన్‌ను బట్టి మారుతుంది. పక్కింటాయన ఐ10కి చైన్ ఉంది కదా అని మీది వదిలేయకండి.

అనుమానం ఉంటే బోనెట్ ఎత్తి చూడండి. గేర్‌బాక్స్‌కు ఎదురు చివర, ఇంజిన్ పక్కన క్లిప్పులతోనో చిన్న బోల్టులతోనో బిగించిన తేలికపాటి ప్లాస్టిక్ మూత ఉంటే లోపల ఉన్నది సాధారణంగా బెల్టే. అదే చోట అల్యూమినియం మూత, చుట్టూ సీలెంట్‌తో ఆయిల్ కారకుండా మూసేసి ఉంటే చైన్. ఓనర్ మాన్యువల్‌లోని సర్వీస్ షెడ్యూల్ చూస్తే ఏ అనుమానమూ మిగలదు. బయట ఆల్టర్నేటర్‌ను తిప్పుతూ కనిపించే బెల్ట్ వేరు. మన మెకానిక్‌లు దాన్ని ఫ్యాన్ బెల్ట్ అంటారు. "బెల్ట్ మార్చాం సార్" అని చెప్తే ఏ బెల్టో అడగండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది మోసపోతారు.

ఒక మినహాయింపు ఉంది. ఎకోస్పోర్ట్ 1.0 లీటర్ ఎకోబూస్ట్ పెట్రోల్‌లో బెల్ట్ ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూనే తిరుగుతుంది. దానికి మూత తీసి చూసే సులువు లేదు. తప్పుడు గ్రేడ్ ఆయిల్ పోసినా, ఆయిల్ మార్చడం ఆలస్యం చేసినా బెల్ట్ పొట్టు రాలి ఆయిల్ పంప్ జాలీకి అడ్డుపడుతుంది. బెల్ట్ తెగకముందే ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఇంజిన్ పోవచ్చు. ఆ బండి ఉన్నవాళ్లు ఆయిల్ విషయంలో పిసినారితనం చేయకూడదు.

తర్వాత వయసు లెక్కేయండి

బెల్ట్‌కు రెండు గడువులు ఉంటాయి: కిలోమీటర్లు, ఏళ్లు. ఏది ముందొస్తే అదే లెక్క. బండిని బట్టి 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల దాకా, కొన్ని ఇంజిన్లకు అంతకంటే ఎక్కువ కూడా, కంపెనీ చెప్తుంది. మీ ఇంజిన్‌కు సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఫోన్‌లో ఎవరో చెప్పిన అంకె పట్టుకోకండి. ఏళ్ల గడువు చాలామందికి గుర్తే ఉండదు. రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు బ్యాండు లాగగానే ఎలా పుటుక్కుమంటుందో ఇదీ అంతే. పైగా మన ఎండల్లో, ఇంజిన్ వేడి పక్కనే.

అందుకే నా దృష్టిలో అన్నింటికన్నా ప్రమాదం టాక్సీగా తిరిగి రెండు లక్షలు దాటిన ఇండికాకు కాదు. దాని డ్రైవరుకు బెల్ట్ సంగతి బాగా తెలుసు, టైముకు మార్చేసి ఉంటాడు. ప్రమాదమంతా రిటైరైన మాస్టారి శాంత్రోకు. పన్నెండేళ్లలో 38,000 కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. కంపెనీ వేసిన బెల్టే ఇంకా ఉంటుంది. "సింగిల్ ఓనర్, తక్కువ తిరిగింది" అని మురిసిపోయి కొనేది అలాంటి బండినే. ఆరేడేళ్లు దాటిన బెల్ట్‌ను, మీటర్ ఎంత చూపినా, మార్చేయండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా? మీటర్‌ను నమ్మకండి, అమ్మినవాడి మాటనూ నమ్మకండి. టైమింగ్ బెల్ట్ కిట్ అని రాసిన బిల్లు, తేదీతో, కిలోమీటర్లతో ఉంటే సరే. షోరూమ్‌లో సర్వీస్ చేయించిన బండైతే రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి పాత సర్వీస్ రికార్డు అడగొచ్చు. బిల్లూ లేదు, రికార్డూ లేదు అంటే మార్చలేదనే అర్థం. కొన్న వారంలో ఆయిల్‌తో పాటు బెల్ట్ కూడా చేయించండి. బండి ధర మాట్లాడేటప్పుడే ఆ ఖర్చు తగ్గించమని అడగండి. మామూలుగా ఒప్పుకుంటారు.

మూత తీసి చూడండి

ఇది మీరే చేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసి జేబులో పెట్టుకుని, పై మూత క్లిప్పులు లేదా 10 నంబరు పానా పట్టే బోల్టులు విప్పండి. పై సగం చాలు. టార్చ్ వేసి చూడండి. బెల్ట్ వీపు మీద అడ్డంగా సన్నటి పగుళ్లు, అంచుల్లో దారాలు లేవడం, పళ్ల మొదట్లో చీలిక, పన్ను ఊడిపోవడం, వీపు అద్దంలా మెరవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ బండిని ఇక ఊరు దాటించకండి.

ఆయిల్ తడి కనిపిస్తే ఇంకా జాగ్రత్త. క్యామ్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) నుంచో క్రాంక్ సీల్ నుంచో కారిన ఆయిల్ రబ్బరును ఉబ్బేలా చేసి మెత్తబరుస్తుంది. అప్పుడు బెల్ట్ ఒక్కటే మార్చడం దండగ. సీల్ మార్చకపోతే కొత్తదానికీ అదే గతి. తెల్లగానో పచ్చగానో ఎండిన చారలుంటే వాటర్ పంప్ నుంచి కూలెంట్ కారుతున్నట్టు.

మట్టి కూడా చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో, 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చాలా కార్లు మునిగాయి. సీట్లు కడిగి, కార్పెట్లు మార్చి అమ్మేవాళ్లు టైమింగ్ మూత లోపలి మూల దాకా వెళ్లరు. అక్కడ ఎండిన బురద పొర కనిపిస్తే బండి చరిత్ర మీకు దొరికినట్టే. ఆ ఇసుక బెల్ట్‌ను, బేరింగ్‌లను అరగదీస్తుంది కూడా.

ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. బెల్ట్ బాగా కనిపించింది కాబట్టి బాగుందని కాదు. లోపల బరువు మోసే దారాలు కంటికి కనిపించవు. కళ్లతో చూసి "ఇంకో రెండేళ్లు వస్తుంది" అని చెప్పే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి. చూడటం ఎందుకంటే గడువుకు ముందే చెడిందేమో తెలుసుకోవడానికి. గడువు పొడిగించుకోవడానికి కాదు.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ వైపు నుంచి గరగరమనే శబ్దం, ఈల లాంటి మోత వస్తే టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా ఉంచేది) బేరింగో ఐడ్లర్ (బెల్ట్‌ను దారిలో నడిపే చిన్న చక్రం) బేరింగో పోతోందని అర్థం. ఇన్నోవా 2.5లో నిర్ణీత కిలోమీటర్లకు డ్యాష్‌బోర్డు మీద టి-బెల్ట్ లైట్ వెలుగుతుంది. అది బెల్ట్‌ను చూసి వెలిగేది కాదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగేది. బెల్ట్ మార్చకుండా లైట్ మాత్రమే రీసెట్ చేసిన బండ్లు కూడా మార్కెట్‌లో ఉంటాయి.

మార్పించేటప్పుడు

బెల్ట్ ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకుందామనే ఆలోచన వద్దు. బెల్ట్ తనంతట తాను తెగడం ఒక రకం, పక్కనున్న బేరింగ్ పట్టేసి తెంచేయడం ఇంకో రకం. రెండోదీ తక్కువేం కాదు. కాబట్టి కిట్ తీసుకోండి: బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్‌లు. మీ ఇంజిన్‌లో వాటర్ పంప్‌ను టైమింగ్ బెల్టే తిప్పుతుంటే అదీ మార్చండి, కూలెంట్ కొత్తది పోయించండి. ఎలాగూ అంతా విప్పారు, కూలీ ఒక్కసారే. పంప్ ఏడాది తర్వాత పోతే మళ్లీ మొదటి నుంచి విప్పాలి. సీళ్ల దగ్గర చెమ్మ ఉంటే సీళ్లు కూడా.

బయటి ఫ్యాన్ బెల్ట్ పాతదైతే దాన్నీ ఇప్పుడే మార్చేయండి. ఇది చాలామంది పట్టించుకోరు. ఫ్యాన్ బెల్ట్ చిరిగితే దాని పోగులు క్రాంక్ పుల్లీ వెనక నుంచి టైమింగ్ మూతలోకి లాగబడి, కొత్త టైమింగ్ బెల్ట్‌ను కూడా పళ్లు తప్పించగలవు.

పార్టులు కంపెనీవైనా సరే, గేట్స్, కాంటిటెక్, డేకో, ఐఎన్‌ఏ, ఎస్‌కేఎఫ్ లాంటి పేరున్నవైనా సరే, బిల్లిచ్చే షాపులోనే కొనండి. డూప్లికేట్‌లు అచ్చం అలాంటి డబ్బాలోనే వస్తాయి. బెల్ట్‌ను మడత పెట్టి, గట్టిగా మెలిపెట్టి చేతికిచ్చే షాపు నుంచి తీసుకోకండి. మడత పడిన చోట లోపలి దారం దెబ్బతింటుంది. అక్కడే తెగుతుంది.

షెడ్డులో మీరు పక్కన నిలబడి చూడాల్సింది మూడు విషయాలు.

ఒకటి, పాత బెల్ట్ తీయకముందు ఇంజిన్‌ను మార్కుల మీదకు తెచ్చాడా? క్రాంక్ మీద ఒక గుర్తు, క్యామ్ మీద ఒక గుర్తు ఉంటాయి. చాలా డీజిళ్లలో వాటిని కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ పిన్నులు వేయాలి. ఆ టూల్ కిట్ లేకుండా డస్టర్, పోలో డీజిల్ బెల్ట్ చేస్తానంటే ఇంకో షెడ్డు చూసుకోండి. పాత బెల్ట్ మీద వైట్‌నర్ చుక్కలు పెట్టి, కొత్తదాని మీద అవే దింపి వేసేసే పద్ధతి ఒకటుంది. పాతది ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పు కూడా అలాగే దిగుతుంది.

రెండు, టెన్షన్ ఎలా పెట్టాడు? ఆటోమేటిక్ టెన్షనర్‌కు ముల్లు, గాడి ఉంటాయి. రెండూ కలిసేలా బిగించాలి. పాత బండ్లలో చేత్తో సరిచేసే టెన్షనర్ అయితే పొడవుగా ఉన్న వైపు బెల్ట్‌ను రెండు వేళ్లతో పట్టి తిప్పి చూస్తారు. అనుభవం ఉన్న చేతికి అది తెలుస్తుంది. మరీ బిగిస్తే ఈల వేస్తుంది, వాటర్ పంప్ బేరింగ్ తొందరగా పోతుంది. వదులైతే పన్ను జారుతుంది.

మూడు, అన్నింటికన్నా ముఖ్యం. బెల్ట్ వేశాక సెల్ఫ్ కొట్టకముందు క్రాంక్ బోల్ట్‌కు పానా పెట్టి చేత్తో ఇంజిన్‌ను నిండుగా రెండు చుట్లు, అది మామూలుగా తిరిగే వైపుకే తిప్పాలి. ఎక్కడా అడ్డు తగలకూడదు. అడ్డు తగిలితే బలం పెట్టకుండా ఆపి విప్పాలి. రెండు చుట్ల తర్వాత మార్కులు మళ్లీ కలవాలి. చేత్తో తిప్పినప్పుడు పిస్టన్, వాల్వు తగిలినా నష్టం ఉండదు. సెల్ఫ్‌తో తిప్పితే అక్కడే వంగుతుంది. ఈ పని చేయకుండా నేరుగా తాళం తిప్పబోతే "అన్నా, ఒకసారి చేత్తో తిప్పి చూపించు" అని అడగడానికి మొహమాటపడకండి.

పని అయ్యాక పాత పార్టులు చేతికి తీసుకోండి. తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ మూత మీద అతికించండి. రేపు మీ దగ్గర కొనేవాడికి అది బిల్లుతో సమానం.

నడుస్తుండగా తెగితే

ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. కొన్నిసార్లు టక్‌మని ఒక శబ్దం, కొన్నిసార్లు ఏమీ ఉండదు. వెంటనే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. గేర్‌లో ఉన్నంతసేపూ చక్రాలే క్రాంక్‌ను తిప్పుతూ ఇంకో వాల్వును, ఇంకో వాల్వును కొట్టిస్తాయి. ఆటోమేటిక్ అయితే ఎన్‌లో పెట్టండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్‌కు బూస్టర్ సాయం ఒకటి రెండుసార్లకే మిగులుతుంది. కాబట్టి పెడల్‌ను పదే పదే తొక్కి వదలకుండా, ఒకే పట్టుగా నొక్కి ఎడమ పక్కకు తీయండి. తాళం తీసేయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. బండి ఆగాక హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు వెనక దూరంగా పెట్టి, రెయిలింగ్ అవతల నిలబడండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి.

ఇప్పుడు చాలా చేతులు దురదపెడతాయి. సెల్ఫ్ కొట్టి చూద్దామంటారు, తోసి స్టార్ట్ చేద్దామంటారు, వెనక లారీ వాళ్లు కూడా దిగి సాయం పడతారు. వద్దు. తెగిన క్షణంలోనే నష్టం చాలావరకు జరిగి ఉండొచ్చు, నిజమే. కానీ నెమ్మదిగా వెళ్తున్నప్పుడో, సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడో తెగితే ఒకటి రెండు వాల్వులతో బయటపడే అవకాశం ఉంటుంది. దాన్ని మన చేతులతో పాడుచేసుకోకూడదు. పొరపాటున ఒకసారి తాళం తిప్పేసి ఉంటే ఆ శబ్దం గుర్తుపెట్టుకోండి. మామూలు కుదుపు లేకుండా, బరువే లేనట్టు సెల్ఫ్ గిర్రున తిరిగితే కంప్రెషన్ లేదని, బెల్ట్ పోయిందని దాదాపు ఖాయం. బండిని గేర్‌లో ఉంచి లాగించకండి. దొరికితే ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించండి.

హెడ్ దించమనే ముందు

మొదట మూత తీసి బెల్ట్ తెగిందా, పళ్లు ఊడాయా, బేరింగ్ పట్టేసిందా చూడమనండి. కారణం దొరక్కుండా కొత్త బెల్ట్ వేస్తే అదీ తెగుతుంది. పెట్రోల్ బండైతే వెంటనే హెడ్ దించక్కర్లేదు. మార్కులు కలిపి తాత్కాలికంగా బెల్ట్ వేసి, చేత్తో తిప్పి, ఒక్కో సిలిండర్‌లో కంప్రెస్డ్ గాలి పెట్టి లీక్ చూడొచ్చు. ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసి ఉండే స్థితిలోనే గాలి పెట్టాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత నుంచి ఎక్కువగా వస్తే పిస్టనో రింగులో. ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దించితే పిస్టన్ మీద అర్ధచంద్రాకారపు గాట్లు కనిపిస్తాయి. డీజిల్‌లో మాత్రం హెడ్ దించడం దాదాపు తప్పదు.

దించాక వంగిన వాల్వులను సరిచేయించి వాడకండి, కొత్తవే వేయించండి. గైడ్‌లు చూపించండి. లేత్ షాపులో హెడ్ పగిలిందేమో ప్రెషర్ టెస్ట్, అవసరమైతే ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం), వాల్వు లాపింగ్ (వాల్వు సందు లేకుండా కూర్చునేలా రుద్దడం) చేయించండి. హెడ్ గ్యాస్కెట్, వాల్వు సీళ్లు కొత్తవే. కంపెనీ ఒకసారి వాడి పారేయమన్న హెడ్ బోల్టులు కూడా కొత్తవే. పిస్టన్ తల మీద చిన్న మచ్చ ఉంటే పర్వాలేదు. పగులు ఉన్నా, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగినట్టు అనుమానం ఉన్నా కింద కూడా విప్పాలి. డీజిల్‌లో అన్ని పిస్టన్లూ ఒకే ఎత్తుకు వస్తున్నాయా అని కొలిచి చూస్తే రాడ్ సంగతి తేలుతుంది.

మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు, అరుగుదలకు డబ్బు రాదు. ఖర్చు చేతి నుంచే. చిన్న పెట్రోల్ బండి హెడ్ పని భరించదగ్గదే. పదిహేనేళ్ల డీజిల్‌కు హెడ్డూ, కిందా రెండూ పోతే ఎస్టిమేట్ బండి ధరను దాటిపోవచ్చు. అప్పుడు చాలామంది వాడిన ఇంజిన్ తెచ్చి వేస్తామంటారు. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుందని మర్చిపోకండి. బిల్లు లేని ఇంజిన్ వేయించుకుని ఆర్టీఓ దగ్గర మార్పించుకోకపోతే, అమ్మేటప్పుడో రెన్యువల్‌లోనో దొరికిపోతారు. ఆ ఇంజిన్ బెల్ట్ వయసు కూడా ఎవరికీ తెలియదు కాబట్టి, బండిలోకి ఎక్కించకముందే, బయట సులువుగా చేతికందే స్థితిలోనే దానికీ కొత్త కిట్ వేయించండి.

హెడ్ పని చేసిన బండైతే మొదటి 500 కిలోమీటర్లు ఇంజిన్‌ను గుంజకండి. రేడియేటర్ మూత దగ్గర బుడగలు, సైలెన్సర్‌లో నీలం పొగ, తెల్ల పొగ గమనించండి. రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. ఆ 500 అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్పించేయండి. హెడ్ విప్పినప్పుడు కిందికి జారిన కూలెంట్, లోహపు పొడి అందులోనే ఉంటాయి.